ఎచింగ్‌ని ‘చెక్కడం’ అనొచ్చా?

మా చెల్లె ప్రింట్‌మేకింగ్, అంటే రేకు లాంటివాటి మీద బొమ్మ చేసి కాగితం మీద అచ్చు తీసే కళ, చదువుతోంది. నల్లగొండ గడియారం సెంటర్‌లో బత్తాయిలు అమ్మే అవ్వ బొమ్మను ఎచింగ్ చేసింది. కింద పెట్టడానికి తెలుగులో ఒక ముక్క అడిగితే ‘రాగిరేకు మీద చెక్కిన చిత్రం’ అని రాసిచ్చాను. “నేనెక్కడ చెక్కిన అన్నా?” అని వాపస్ పంపింది.

నిజమే. రేకు మీద మైనం, తారు కలిసిన పూత వేస్తారు. సూదితో గీస్తే లేచేది ఆ పూతే, రాగి కాదు. చేతిపని అక్కడితో సరి. యాసిడ్‌లో పెట్టాక, పూత లేచిన చోట రాగిని అది తింటుంది. ఆ గీతల్లో సిరా నింపి కాగితం మీద అచ్చు తీస్తారు. ఎంతసేపు తింటే గీత అంత లోతు, సిరా అంత నలుపు. అవ్వ నుదుటి ముడతలు వెంట్రుకంత సన్నగా, గంప కింది నీడ కాటుకలా ఉన్నది అందుకే. ఉలితో తొలిచేది ఎన్‌గ్రేవింగ్. ‘చెక్కడం’ దానికి చెల్లుతుంది.

ఎచింగ్ అనే మాట ఇంగ్లీషులోకి డచ్ నుంచి, డచ్‌లోకి జర్మన్ నుంచి వచ్చింది. మొదటి అర్థం ‘తినేలా చేయడం’. అంటే మన తినిపించడమే! ‘యాసిడ్ తినిపించిన బొమ్మ’ అందామా? నాకే నవ్వొస్తోంది.

ఇది చదివి పాలమూరు నుంచి ఒకరు: నవ్వెందుకు? మా తాతది అవుసుల (కంసాలి) పని. యాసిడ్‌ను తేజాబ్ అనేవాడు. “తేజాబ్ తిన్నది” అనడం ఇంట్లో మామూలే. కానీ మీ వాక్యం తిరగబడింది. తినేది తేజాబ్, తిండి రాగి. తేజాబ్‌కు రాగిని తినిపించాలి.

సూర్యాపేట నుంచి ఇంకొకరు: ‘ఆమ్లచిత్రం’ బాగుండదా?

నేను: యాసిడ్‌తో రంగులేశారనుకుంటారు సార్. పైగా ఆ అవ్వకు చదివి వినిపిస్తే అర్థం కావాలి కదా. 1635లో డచ్ చిత్రకారుడు రెంబ్రాంట్ వీధిలో అట్లు పోసే ముసలమ్మను ఎచింగ్ చేశాడు, మన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ పల్లె మనుషుల్ని, మేకల్ని చేశారు. బొమ్మలో ఉన్నవాళ్లకు అందని పేరెందుకు? ఎచింగ్ అనే మాటను ఉండనిద్దాం, క్రియ ఒక్కటి మారిస్తే చాలు.

చివరికి ఇలా రాశాం: ‘బత్తాయిల అవ్వ. ఎచింగ్. సూదితో గీసి, తేజాబ్‌కు తినిపించిన రాగిరేకు అచ్చు.’

చెల్లె ఒప్పుకుంది. సంతకం మాత్రం రేకు మీద తిరగేసి గీయడం మరిచినట్టుంది, అచ్చులో పేరు ఉల్టా పడింది.