హజార్డస్ ఎండార్స్‌మెంట్‌కు ఇంగ్లీషు ఎంత రావాలి?

మా తమ్ముడు విశాఖలో లారీ నడుపుతున్నాడు. హెవీ లైసెన్సు ఉంది, ఇప్పుడు గ్యాస్ ట్యాంకర్‌కి మారదామని చూస్తున్నాడు. మూడు రోజుల శిక్షణ, సర్టిఫికెట్, ఆపైన ఆర్టీఓలో లైసెన్సు మీద హజార్డస్ (ప్రమాదకర సరుకు తోలొచ్చని) ఎండార్స్‌మెంట్ అని తెలుసు. కానీ కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 9వ నిబంధన ప్రకారం ఒక భారతీయ భాషతోపాటు ఇంగ్లీషు కూడా చదవడం, రాయడం రావాలి. టెన్షన్ అక్కడే. తెలుగు పేపరు గడగడా చదివేస్తాడు. ట్యాంకర్ మీద సరుకు నంబరు 1075 చూస్తే ఎల్‌పీజీ అని చెప్పేస్తాడు. పక్కనున్న ఇంగ్లీషు ముక్కలు మాత్రం కూడబలుక్కోవాల్సిందే.

శిక్షణ చివర పరీక్ష తెలుగులో రాయనిస్తారా? ట్రెమ్ కార్డు (ప్రమాదం జరిగితే ఏం చేయాలో రాసి బండిలో ఉంచే కార్డు) ఇంగ్లీషులో చదివిస్తారా? ఒక ఏజెంటు "డబ్బు కట్టండి, క్లాసుకి రానక్కర్లేదు" అంటున్నాడు. అది నాకిష్టం లేదు, తమ్ముడు తోలేది గ్యాసు బండి మరి. ఈమధ్య చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పండి.