ఒగరు తప్పు మాట ఎట్లా అవుతుంది?

నిన్న నా కామెంట్ కింద ఒకరు "ఒగరు కాదండీ, వగరు అని రాయాలి, అది పల్లెటూరి ఉచ్చారణ" అని దిద్దారు. నాకు మనసొప్పలేదు. మాది నారాయణపేట, అవతల కర్ణాటక. కన్నడంలో ఈ రుచికి మాట ఒగరే, రాతలోనూ అంతే. పక్క భాషలో అదే రూపం నిక్షేపంగా ఉంటే మనది పాడైన మాట ఎట్లా అయింది? వద్దు, ఒద్దు లాగా ఇదీ రెండు రూపాల్లో ఉంది, మా ఇండ్లల్లో ఒగరు నిలిచింది.

ఈ మాట ఎంత అవసరమో నాకు పోయిన దసరాకు తెలిసింది. మా బావ ఇటలీ నుంచి వస్తూ ఒక బీరు సీసా తెచ్చాడు. ఇటాలియన్ గ్రేప్ ఏల్ అంటారు, బార్లీతో చేసిన తీపి రసంలో ద్రాక్ష రసం కలిపి పులియబెడతారు, సగం బీరు సగం వైన్ అన్నట్టు ఉంటుంది. ఇది ఎర్ర ద్రాక్షది. గ్లాసులో పోస్తే నేరేడు పండు రంగు, పైన లేత గులాబీ నురగ. మొదట కొంచెం తీపి, వెంటనే పులుపు, మింగిన తర్వాత బుగ్గలు లోపలికి గుంజుకుపోయినట్టు అయింది. బావ "డ్రై" అన్నాడు, నేను చేదు అన్నాను. మా నాయన ఈత కల్లు తప్ప ఇంకోటి ముట్టడు, ఆ రోజు ఒక్క గుటక తాగి, నాలుకను అంగిట్లో రెండు సార్లు ఆనించి చూసుకుని, "చేదు కాదు బిడ్డా, ఒగరు. నేరేడుపండు తిన్నట్టు లేదా?" అన్నాడు.

ఆయన చెప్పిందే సరి. బీరులో చేదు హాప్స్ పూల నుంచి వస్తుంది. ఒగరు ద్రాక్ష తొక్కల్లో, గింజల్లో ఉండే టానిన్లది, అవి ఉమ్మిలోని ప్రొటీన్లను పట్టుకుంటే నోట్లో జారుడు పోయి గరుకుగా తగులుతుంది. బావ అన్న డ్రై కూడా వేరే, వైన్ తాగేవాళ్లు తీపి మిగలని వైన్‌ను డ్రై అంటారు. సంస్కృతంలో ఈ రుచి పేరు కషాయం, షడ్రుచుల్లో ఒకటి, కానీ మన ఇండ్లల్లో కషాయం అంటే జలుబుకు మిరియాలు, శొంఠి వేసి కాచేదే గుర్తొస్తుంది. అందుకే ఒగరును వదులుకోకూడదు అంటున్నాను.

పచ్చి అరటికాయ సరిగ్గా ఉడకకపోతే మా అమ్మ "ఒగరు కొడుతుంది" అంటుంది. దేవరకొండ, అచ్చంపేట వైపు వాళ్లు ఏమంటారు? కొడుతుంది అంటారా, పడుతుంది అంటారా?