సెకండ్‌హ్యాండ్ అపెక్స్ 460: విప్పి మార్చాలా, ఉన్నదున్నట్టు వాడుకోవాలా?

కాకినాడ_కంఠం: అపెక్స్ 460 ట్యూబ్ మైకు సెకండ్‌హ్యాండ్‌లో దొరికింది. పవర్ సప్లై, ఏడు పిన్నుల కేబుల్ కూడా ఇచ్చారు. ఆడియోబుక్స్ చదువుతాను. గొంతు నిండుగానే వస్తోంది కానీ శ, ష, స వచ్చినప్పుడల్లా ఈల వేసినట్టుంది. ట్యూబ్ మార్చమని ఒకరు, ట్రాన్స్‌ఫార్మర్ మార్చమని ఇంకొకరు. ముందు దేని మీద డబ్బు పెట్టాలి?

టంకం_వాసు: ట్యూబ్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఆ ఈల క్యాప్సూల్‌ది, అంటే మైకులో గొంతుని పట్టే భాగానిది. ఇలాంటి చవక మైకుల్లో ఉండేది న్యూమన్ కంపెనీ కె67 క్యాప్సూల్‌కి నకలు. ఆ క్యాప్సూల్‌కి పై ఫ్రీక్వెన్సీలు ఎక్కువ, అందుకే అది వాడిన 1960 నాటి న్యూమన్ యు67 మైకు సర్క్యూట్‌లోనే నెగటివ్ ఫీడ్‌బ్యాక్‌తో (బయటికొచ్చే సిగ్నల్‌లో కొంత తిప్పి వెనక్కి పంపి) వాటిని దించారు. నకలు కొట్టినవాళ్లు క్యాప్సూల్ ఒక్కటీ తెచ్చుకుని దించే పని వదిలేశారు. సికె12 (ఏకేజీ కంపెనీ సి12 మైకులోది) తరహా క్యాప్సూల్ వేయండి, లేదంటే సర్క్యూట్‌లో ఆ పై ఫ్రీక్వెన్సీలు దించండి. నేను నా 460లో కాథోడ్ ఫాలోవర్ (ట్యూబ్‌లో సిగ్నల్‌ని పెంచకుండా బయటికి పంపే రెండో స్టేజీ) తీసేసి, ఏకేజీ సి12లో లాగా ఒకే స్టేజీ చేసి, దానికి తగిన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను. ట్యూబ్ నుంచి ట్రాన్స్‌ఫార్మర్‌కి సిగ్నల్ దాటించే కప్లింగ్ కెపాసిటర్ కూడా మార్చాను.

డబ్బింగ్_రాజు: కెపాసిటర్ మారిస్తే గొంతు బాగుపడుతుందా సార్? మైకుని నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి తిప్పి, వెనక మందపాటి దుప్పటి కట్టుకుంటే సగం ఈల పోతుంది. మిగతాది ఈక్యూ, రికార్డింగ్ అయ్యాక సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫ్రీక్వెన్సీలు తగ్గించుకోవడమే.

టంకం_వాసు: నేను క్యాప్సూల్ గురించి నాలుగు ముక్కలు చెబితే మీకు కెపాసిటర్ ఒక్కటే కనిపించిందా? సరే, దాని విలువ మరీ తగ్గితే బేస్ పోతుంది, ఇది లెక్క, నమ్మకం కాదు. ఈక్యూతో తగ్గించొచ్చు, కాదనను. ప్రతి ఫైలుకీ చేసే బదులు లోపల ఒక్కసారి చేస్తే పోయేదానికి మీకేమిటి అభ్యంతరం?

డబ్బింగ్_రాజు: విలువ గురించి ఎవరన్నారండీ? నూనెలో నానిన కాగితం కెపాసిటర్ పెడితే తేనె కారుతుందని చెప్పే కథల గురించి అంటున్నా.

టంకం_వాసు: ఆ కథ నేనెక్కడ చెప్పాను? పైకెళ్లి చదవండి.

స్కోప్_శీను: ట్యూబ్ వాళ్లకో ప్రశ్న. 460లో వచ్చే 12ఏటీ7 ట్యూబ్ యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (సిగ్నల్‌ని ఎంత పెంచగలదో చెప్పే అంకె) 60, దాని బదులు పెట్టే 6072ది 44. 6072 పెట్టగానే ‘వెచ్చగా’ ఉందన్నవాళ్లు లెవల్ సమానం చేసి విన్నారా, లేక చప్పుడు తగ్గితే అదే వెచ్చదనం అనుకున్నారా?

డబ్బింగ్_రాజు: అలా అడగండి! నేను ఒకాయనకి మైకిచ్చాను మోడ్ చేయమని, అంటే లోపల మార్పులు చేయమని. ట్యూబ్ మార్చి, కొత్త మైకు సగం ధర తీసుకున్నాడు. ఇంటికి తెచ్చి పెడితే నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలు. అడిగితే ట్యూబ్ ‘అలవాటు పడాలి’ అన్నాడు.

టంకం_వాసు: అది మోడ్ తప్పు కాదు, చేతి తప్పు. గ్రిడ్ (ట్యూబ్‌లోకి సిగ్నల్ వెళ్లే కాలు) దగ్గర ఉండే రెసిస్టర్లు వందల మెగా ఓముల్లో, గిగా ఓముల్లో ఉంటాయి. వేలి చెమట, టంకం వేసేటప్పుడు వాడే ఫ్లక్స్ మరక ఏది మిగిలినా కరెంటు అటు జారుతుంది, చిటపట మొదలు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. సముద్రం పక్కన తేమకి కూడా ఇదే గొడవ, కాకినాడ ఆయన సిలికా జెల్ పెట్టుకోవాలి. ఒకడు చెడగొట్టాడని అందరినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

డబ్బింగ్_రాజు: మీ అందరి వల్లే మా పని పోతోంది, అందుకు కడుతున్నా.

టంకం_వాసు: మా వల్లా?! నేను ఎవరి దగ్గరా పైసా తీసుకోను.

పద్మ_ఎన్‌జే: ప్రశ్న అడిగినాయన ఉన్నారా, పారిపోయారా?

డబ్బింగ్_రాజు: పైసా గురించి కాదండీ. ఈమధ్య ఏ పనికి శాంపిల్ పంపినా ముందు ‘ఏ మైకు’ అని అడుగుతున్నారు. నాది చిన్న మైకే, పేరు చెప్పగానే అవతల మౌనం. అదే గొంతు, ‘సి12 మోడ్’ అని రాసుకున్న కుర్రాడికి పిలుపొచ్చింది. ఇలాంటి చోట్ల కూర్చుని మీరు పెంచిన పిచ్చే అది. శాంపిల్ వినడానికి ముప్పై సెకన్లు పట్టదు.

టంకం_వాసు: ఆ మాట మొదటి రోజే చెప్పి ఉంటే కెపాసిటర్ మీద ఇంతసేపు కొట్టుకునేవాళ్లం కాదు. వినకుండా పేరడిగేది అన్యాయమే. కానీ యు67 కొనే స్తోమత నాకు లేదు. దాని లోపల ఏం చేశారో తెలుసుకుని చేతనైనంత చేసుకున్నాను. చేసింది చెప్పుకోవద్దంటే ఒప్పుకోను.

డబ్బింగ్_రాజు: చేసుకోండి. రేటు కార్డు మీద రాయకండి.

టంకం_వాసు: రాస్తాను. ‘సి12’ అని రాయను, ‘మార్చిన 460’ అని రాస్తాను.

డబ్బింగ్_రాజు: అది చదివేవాడికి రెండూ ఒకటే సార్.

కాకినాడ_కంఠం: ఉన్నాను, ఉన్నాను. రాజు గారు చెప్పినట్టు పక్కకి తిప్పాను, ‘స’ తగ్గింది, ‘ష’ అలాగే ఉంది. క్యాప్సూల్‌కి ఆర్డర్ పెడుతున్నా. ఈలోపు ఆదివారం విప్పి చూడొచ్చా? స్విచ్ ఆపి ఎంతసేపు ఆగాలి?

పద్మ_ఎన్‌జే: గడియారం నమ్మకండి. పవర్ సప్లైలో వంద వోల్టుల పైనే ఉంటుంది, ఆపేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో నిలిచి ఉండొచ్చు. గోడ ప్లగ్ పీకి, రెసిస్టర్‌తో డిశ్చార్జ్ చేసి, మీటర్‌లో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి. ముందు ఫొటోలు తీసుకోండి, ఏ వైరు ఎక్కడిదో తర్వాత గుర్తుండదు.