సోడా కిల్న్‌లో నా పాత్రలకి ఒక వైపే మెరుపు వస్తోంది, ఏం మార్చాలి?

మా స్టూడియోలో అందరికీ కలిపి ఒకటే గ్యాస్ సోడా కిల్న్ (కాల్చేటప్పుడు లోపలికి సోడా చల్లే కొలిమి; ఆ సోడా ఆవిరై మట్టిలోని సిలికాతో కలిసి గ్లేజ్, అంటే గాజులాంటి పూత అవుతుంది). స్టోన్‌వేర్ మట్టి (ఎక్కువ వేడికి గట్టిపడేది), రిడక్షన్ (గాలి తగ్గించి కాల్చడం), కోన్ 10 (కోన్ అంటే తగినంత వేడి తగిలితే వాలిపోయే చిన్న సూచిక; అంకె పెరిగితే వేడి ఎక్కువ). కోన్ 8 వాలగానే సోడా యాష్‌ని వేడినీళ్ళలో కరిగించి రెండు వైపుల రంధ్రాల్లోంచి స్ప్రే చేస్తారు. మొత్తం కిలోన్నర, సుమారు గంటన్నర పాటు, కొంచెం కొంచెంగా. అప్పుడు డాంపర్ (పొగగొట్టం దారికి అడ్డుపెట్టే పలక) కాస్త మూస్తారు.

నా మగ్గులకి మంట తగిలే వైపు నారింజ తొక్కలాంటి గ్లేజ్ బాగా వస్తోంది. వెనక వైపు మాత్రం గరుకుగా, పొడిగా, లేత గోధుమ రంగులో ఉండిపోతోంది. లోపల లైనర్ గ్లేజ్ వేస్తాను, అక్కడ ఇబ్బంది లేదు.

పాత్రల మధ్య రెండంగుళాల ఖాళీ వదిలాను. పై షెల్ఫ్‌కి మార్చాను. తేడా లేదు. కయొలిన్ (అల్యూమినా ఎక్కువుండే తెల్లమట్టి) ఎక్కువున్న ఫ్లాషింగ్ స్లిప్ (సోడా తగిలితే రంగు తేలే పల్చటి మట్టి పూత) పూస్తే రంగు వచ్చింది గానీ మెరుపు రాలేదు (అల్యూమినా ఎక్కువైతే అంతే మరి). సోడా పెంచమని అడగలేను. మిగతావాళ్ళ పాత్రలూ అందులోనే ఉంటాయి, మూతలు అతుక్కుపోతాయని వాళ్ళకి ఇప్పటికే టెన్షన్.

కిల్న్ జోలికి పోకుండా వెనక వైపు కూడా మెరవాలంటే, అక్కడ పల్చగా గ్లేజ్ స్ప్రే చేయడం, సిలికా ఎక్కువున్న మట్టికి మారడం, ఈ రెండింట్లో మీకు ఏది పనిచేసింది?