చర్చ: సంఘం మీద ఆశ పోయినవారికి ‘క్రీస్తు యోగ్యుడు’ అన్న మాట ఊరటనిస్తుందా?

కృష్ణాతీరం (చర్చ ప్రారంభించినవారు):
అందరికీ ప్రభువు నామమున వందనాలు. మందిరానికి వెళ్లాలంటే మనసు రావడం లేదని ఈమధ్య నాతో చాలామంది యువతీయువకులు చెబుతున్నారు. ఆస్తుల కోసం కోర్టుకెక్కిన సంఘాలనూ, స్వస్థత పేరిట సాగే వ్యాపారాన్నీ, పెళ్లి సంబంధం అనగానే పాత కులాన్ని ఆరా తీసే విశ్వాసులనూ చూశాక అసలు విశ్వాసమే డొల్ల అనిపిస్తోందని వారి బాధ. అటువంటి నిరుత్సాహంలో నన్ను నిలబెట్టింది బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం 5వ అధ్యాయం. ఏడు ముద్రలు వేసిన గ్రంథాన్ని విప్పడానికి పరలోకంలోగాని భూమిమీదగాని యోగ్యుడెవడూ కనబడక, ఆ దర్శనం చూసి రాసిన యోహాను బహుగా ఏడ్చాడు. అంతకు ముందే, 2, 3 అధ్యాయాల్లో, ఏడు సంఘాలకు ప్రభువు చెప్పిన మాటలను ఆయన స్వయంగా రాశాడు. స్ముర్న, ఫిలదెల్ఫియ తప్ప మిగిలిన ఐదింటికీ అందులో మందలింపు ఉంది. సంఘాలు చెడిపోయిన సంగతి ఆయనకు బాగా తెలుసు. అవి బాగుపడ్డాయన్న కబురు ఎవరూ తేలేదు. వధింపబడిన గొఱ్ఱెపిల్ల, అంటే క్రీస్తు, యోగ్యుడన్న ఒక్క వార్తే ఆయనకు అందింది, దానితోనే ఏడుపు పాటగా మారింది. సంఘ స్థితిని బట్టి పెరిగి తరిగే ఆశ నాకు అక్కర్లేదు, ఈ ఆశ చాలు.

గుంటూరు సోదరి:
ఆమేన్. ఈ వారం నాకు ఈ మాట చాలా అవసరమైంది.

రెండో వరుస:
అయ్యా, మీ మాటలోని వాక్యాన్ని నేను కాదనను. అయితే ఆ మాటను నా మీద ఎలా వాడారో చెబుతాను, దయచేసి చదవండి. మా నాన్నగారు పోయిన రోజున సమాధుల తోట గేటు ముందు పెట్టెను రోడ్డు మీద దించి ఎండలో నిలబడ్డాం. ఒక సంఘ పెద్ద రసీదు పుస్తకం తెచ్చి, వేలు తడి చేసుకుంటూ ఒక్కొక్క కాగితం తిప్పి, మా కుటుంబం చందా బాకీ ఉందనీ, అది కడితేగాని తాళం తీయడం కుదరదనీ చెప్పారు. మా బావగారు వచ్చినవారిని తలా కొంత అడిగి డబ్బు పోగుచేశారు. పెద్దగారు రసీదు రాసి, తేదీ వేసి, కార్బన్ కాగితం సరిచేసుకుని, అప్పుడు తాళం తీశారు. సమాధి కార్యక్రమం అయ్యాక సంఘ కాపరి నా భుజం మీద చెయ్యివేసి, “మనుషుల్ని చూడకు బాబూ, క్రీస్తును చూడు” అన్నారు. ఆ తర్వాత నేను మందిరం గడప తొక్కలేదు.

సంఘ కోశాధికారి:
సోదరుని దుఃఖానికి నా సానుభూతి. కాని ఒక విషయం స్పష్టం కావాలి. సమాధుల తోటకు ప్రహరీ గోడ, కాపలాదారు జీతం, పిచ్చిమొక్కలు కొట్టించే ఖర్చు ఉంటాయి. చందా బకాయి లేనివారికే స్థలం ఇవ్వాలని మా సంఘ నిబంధనల్లో ఉంది, మీ సంఘంలోనూ ఉండే ఉంటుంది. బాకీ ఎంత కాలానిదో, ఎంత మొత్తమో మీరు చెప్పలేదు.

రెండో వరుస:
మొత్తం ఎంతైతే మీకు న్యాయంగా కనబడుతుందండీ? ఆ చందా ఆగిపోయింది మా నాన్నగారు పక్షవాతంతో మంచాన పడ్డాక. ఆదివారం ఆయన చోటు ఖాళీగా ఉందని అందరూ చూశారు గాని ఒక్క పెద్ద అయినా వచ్చి పలకరించలేదు, ప్రార్థన చేయలేదు. మనిషి రావడం మానేసిన సంగతి పుస్తకానికి తెలిసింది, సంఘానికి తెలియలేదు.

కృష్ణాతీరం:
మీకు జరిగింది అన్యాయమే, అందులో రెండో మాట లేదు. అయినా నిరుత్సాహం మన తరంతో మొదలైనది కాదని గుర్తుచేస్తాను. నెల్లూరులో 1840లో మొదలైన అమెరికన్ బాప్టిస్టు మిషన్‌ను ఫలితం లేదని 1853లో మూసివేయాలనుకున్నారు. 1854 జనవరి 1న ఆ మిషనరీ జూవెట్ దొరగారు కొద్దిమందితో ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించిన నాటికి కంటికి కనబడే ఆధారమేదీ లేదు. తర్వాత 1876–78 కరవులో, జనం అన్నం కోసం చేరారన్న మాట రాకూడదని ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బాప్తిస్మాలు ఆపివేశారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు, ఇచ్చినవారు మన దేశీయ బోధకులే. యోగ్యుడైన క్రీస్తు తన పనిని మన యోగ్యత కోసం ఆపుకోడు.

గుంటూరు సోదరి:
మా ముత్తాతగారిది ఆ తరమే. ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు.

రెండో వరుస:
నేను ఒక్క మనిషి గురించి చెబితే మీరు 2,222 మంది గురించి చెబుతున్నారు. ఆ నీళ్లలోకి దిగినవారిలో అత్యధికులు మాదిగలు. ఊరి బావి దగ్గరకు రానివ్వని మనుషులను ప్రభువు రొట్టె, ద్రాక్షారసం పంచే తన బల్ల దగ్గర కూర్చోబెట్టాడు, అందుకే వారు వచ్చారు. మా పెద్దలూ అలా వచ్చినవారే. ఆ వంశంలో పుట్టినవాడి శవాన్ని సంఘమే గేటు బయట నిలబెడితే, మీరు ఆ చరిత్రను నన్ను ఊరుకోబెట్టడానికి వాడుతున్నారు. ఇది నాకు కోపం తెప్పిస్తోంది, దాచను.

సంఘ కోశాధికారి:
కోపం అర్థమవుతుంది. మొత్తం మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.

రెండో వరుస:
చెప్పను. చెప్పగానే మీరు దాన్ని గోడ ఖర్చుతో పోల్చి చూస్తారు.
కృష్ణాతీరం గారూ, క్రీస్తు యోగ్యుడు కాడని నేను ఏనాడూ అనలేదు. ఇప్పటికీ రాత్రిపూట ఆయన పేరునే తలుచుకుని పడుకుంటాను. ఆ మాట నాకెందుకు చెబుతున్నారన్నదే నా ప్రశ్న. రసీదు పుస్తకం పట్టుకున్న పెద్దకు “క్రీస్తును చూడు” అని ఆ రోజు ఎవరూ చెప్పలేదేం? దెబ్బ తిన్నవాడికి ఓదార్పుగానూ, కొట్టినవాడికి ఆశ్రయంగానూ ఒకే వాక్యం పనిచేస్తుంటే, దాని అండ చివరికి ఎవరికి దక్కుతోంది?

గుంటూరు సోదరి:
చర్చ ఇప్పుడు అసలు చోటికి వచ్చింది.

కృష్ణాతీరం:
ఈ ప్రశ్నకు జవాబు అదే గ్రంథంలో ఉంది. గొఱ్ఱెపిల్ల విప్పిన ఐదవ ముద్ర కింద ఏముందో 6వ అధ్యాయంలో చూడండి: వధింపబడినవారి ఆత్మలు బలిపీఠం కింద నుంచి, నాథా, ఎందాక తీర్పు తీర్చకుందువని బిగ్గరగా కేకలు వేస్తున్నాయి. ఆయన వారిని గద్దించలేదు, తెల్లని వస్త్రాలిచ్చి, ఇంకా కొంచెం కాలం ఆగమన్నాడు. మీ ఫిర్యాదుకు కూడా ఆయన సన్నిధిలో చోటుంది. క్రీస్తును కొట్టించినవారూ మందిరపు పెద్దలే, ఆయన శ్రమపడినదీ పట్టణపు గవిని (గేటు) వెలుపలే. ఆయన దేహానికి సొంత సమాధి లేకపోతే అరిమతయియ యోసేపు తన కోసం తొలిపించుకున్న కొత్త సమాధిని ఇచ్చాడు. మీ నాన్నగారి పెట్టె రోడ్డు మీద ఉన్నప్పుడు క్రీస్తు గేటు ఏ పక్కన ఉన్నాడో నాకు సందేహం లేదు. అందుకే ఆయన యోగ్యతను నేను మీకు చెబుతాను, ఆ పెద్దలకూ చెబుతాను. మీకు అది ఆసరా, వారికి అది తీర్పు. అయితే గాయపడినవారంతా బయటే ఉండిపోతే లోపల అడిగేవారెవరు?

రెండో వరుస:
లోపలికి వచ్చి అడగవలసిన భారం కూడా మా మీదే వేస్తున్నారు. మీరు లోపలే ఉన్నారు కదా, మీరు అడగండి. ఆయన వెలుపల ఉన్నాడని మీరే అన్నారు కాబట్టి, నేను ఉన్న చోట ఆయన నాతో ఉన్నాడని నమ్ముతాను.

కృష్ణాతీరం:
అడుగుతాను. కాని ప్రభువు బల్లకు దూరంగా మీరు ఒంటరిగా ఉండటాన్ని నేను ఒప్పుకోలేను.
కోశాధికారి గారూ, మీ సంఘంలోనూ ఆ నియమం ఉందన్నారు. రాబోయే సర్వసభ్య సమావేశంలో దాన్ని తీసివేయాలని మీరు తీర్మానం పెడతారా?

సంఘ కోశాధికారి:
కమిటీలో మాట్లాడతాను, మాట మాత్రం ఇవ్వలేను. నియమం తీసేస్తే గోడ, కాపలా ఖర్చు ఎవరు భరిస్తారో ముందు తేలాలి.

రెండో వరుస:
గోడకు నా వంతు నేను పంపుతాను, మీ సంఘమైనా సరే. సమాధికీ చందాకూ సంబంధం లేదని తీర్మానం రాసి గేటుకు అంటించండి. మా అమ్మగారికి పెద్ద వయసు వచ్చింది, నాన్నగారి పక్కన చోటు కావాలని అడుగుతున్నారు. ఆమె ఎవరికీ బాకీ లేరని రుజువు చేసే కాగితాలు జేబులో పెట్టుకుని నేను ఇంకోసారి ఆ గేటు ముందు నిలబడను.