కెనోపీకి యాక్రిలిక్ మేలా, పాలీకార్బొనేట్ మేలా?

ప్రశ్న:
మా ఇంజనీరింగ్ కళాశాల విద్యార్థులం ఒక్కరు కూర్చునే సౌరశక్తి కారును తయారు చేస్తున్నాము. డ్రైవరు తలపైన గుమ్మటంలాంటి కెనోపీ, పక్కన ఒకే దిశలో వంగిన రెండు కిటికీలు కావాలి. పగలదన్న నమ్మకంతో పాలీకార్బొనేట్ అనే పారదర్శక ప్లాస్టిక్ షీటును, 4 మి.మీ. మందంది, తెచ్చి ఓవెన్‌లో పెట్టాము. మెత్తబడే సమయానికి షీటు నిండా ఆవగింజలంత పొక్కులు లేచాయి. షీటు నాసిరకమా, తప్పు మాదేనా?

జవాబు 1:
షీటులో లోపం ఉందనుకోను. పాలీకార్బొనేట్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఆ తేమే వేడికి ఆవిరై లోపల పొక్కులుగా మిగులుతుంది. పైనున్న ప్లాస్టిక్ పొరను తీసేసి, దాదాపు 120 డిగ్రీల వద్ద కొన్ని గంటలు ఆరబెట్టి, చల్లారనివ్వకుండా వెంటనే వంచాలి. అయితే గుమ్మటానికి నేను క్యాస్ట్ యాక్రిలిక్‌నే (అచ్చులో పోసి తయారుచేసే గాజులాంటి ప్లాస్టిక్) ఎంచుకుంటాను. దానిని 160 డిగ్రీలకు కాస్త పైన మెత్తబరచి, అంచులను చట్రంలో బిగించి, కింది నుంచి గాలి ఊదితే అచ్చును తాకకుండానే పొంగుతుంది కాబట్టి చూపు చెదరదు. మందం విషయం మరువకండి: గుండ్రటి షీటును అర్ధగోళంగా ఊదితే వైశాల్యం రెట్టింపై, మందం సగటున సగమవుతుంది, నడినెత్తిన ఇంకా పలచబడుతుంది.

జవాబు 2:
గుమ్మటం వరకు ఒప్పుకుంటాను గానీ, యాక్రిలిక్ పగిలితే పదునైన పెంకులవుతుంది కనుక పక్క కిటికీలకు పాలీకార్బొనేటే ఉండాలి. వంపు వ్యాసార్ధం మందానికి 150 రెట్లు, అంటే మీ షీటుకు 600 మి.మీ., లేదా అంతకు మించి ఉంటే ఓవెన్ అవసరమే లేదు, చల్లగానే వంచవచ్చు. గీతలు పడకుండా హార్డ్‌కోట్ ఉన్న షీటు కొంటే మాత్రం ఇంకా పెద్ద వంపు కావాలి, లేకుంటే పూత చిట్లుతుంది. మీటరు పొడవు షీటు 40 డిగ్రీల తేడాకు సుమారు 3 మి.మీ. సాగుతుంది, కాబట్టి రంధ్రాలను వదులుగా వేసి, రబ్బరు వాషర్లు పెట్టండి. బోల్టులు వదులు కాకూడదని నేనొకసారి థ్రెడ్‌లాకర్ (మరలు ఊడకుండా పట్టి ఉంచే జిగురు) పూశాను. ఆ రసాయనం పడక, తెల్లవారేసరికి ప్రతి రంధ్రం చుట్టూ వెంట్రుకల్లాంటి పగుళ్లు చక్రపు ఆకుల్లా పరుచుకున్నాయి.

జవాబు 3:
కారును రోడ్డు మీదకు తెచ్చే ఆలోచన ఉంటే రంగు షీటు జోలికి పోకండి. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 100వ నియమం ప్రకారం ముందు, వెనుక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు ప్రసరించాలి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. కిటికీల వ్యాసార్ధం కొలిచాము, 720 మి.మీ. ఉంది. వాటిని చల్లగానే వంచి, కెనోపీకి 6 మి.మీ. క్యాస్ట్ యాక్రిలిక్ తెప్పిస్తున్నాము.