చిత్తూరు నుంచి కొత్తగా వచ్చాం: ఇక్కడి చర్చిలో నాయన సంవత్సరీకం పూజ ఎట్లా పెట్టించాలి?

న్యూజెర్సీ నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది చిత్తూరు. 2026 ఏప్రిల్ 3న మా నాయన మొదటి సంవత్సరీకం. ఊళ్లో అయితే పూజకు ముందు ఫాదర్ గారి చేతికి కవరిచ్చి పేరు చెప్తే సరిపోయేది. ఇక్కడ ఎవరిని అడగాలి? ఎంత ఇవ్వాలి? పేరు చదువుతారా?

డాలస్ నుంచి:
చెల్లెమ్మా, ముందు తేదీ చూసుకో. 2026లో ఏప్రిల్ 3 గుడ్ ఫ్రైడే. ఆ రోజు ఏ కథోలిక గుడిలోనూ పూజ ఉండదు, ప్రభువు పాటుల ఆరాధనే ఉంటుంది. మరుసటి రోజు రాత్రి పాస్కా (ఈస్టర్) జాగరణ దాకా కూడా పూజ లేదు. పవిత్ర వారంలో సోమ, మంగళ, బుధవారాల్లో నాయన ఉద్దేశంతో, అంటే ఆయన కోసం, పూజ పెట్టించుకోవచ్చు కానీ మృతుల పూజ ప్రార్థనలు, పఠనాలు వాడరు. ఈస్టర్ తర్వాతి ఎనిమిది రోజులూ అంతే. మృతుల పూజే కావాలంటే మార్చి 27 శుక్రవారం అడుగు, లేదంటే ఏప్రిల్ 13 తర్వాత. తపస్సు కాలం (ఈస్టర్‌కు ముందటి ఉపవాస కాలం) మామూలు రోజుల్లో మొదటి సంవత్సరీకానికి ఆ వెసులుబాటు ఉంది. అది మొదటి సంవత్సరీకం అని ఆఫీసులో గట్టిగా చెప్పు. చెప్పకపోతే మామూలు ఉద్దేశంగా రాసేసుకుంటారు.

అడగాల్సింది విచారణ (పారిష్) ఆఫీసులో సెక్రటరీని. పూజల పుస్తకం ఆవిడ దగ్గరే ఉంటుంది. పూజ అయ్యాక గుమ్మం దగ్గర ఫాదర్ గారికి చెప్తే ఆయన సరే అంటారు, పుస్తకంలోకి మాత్రం ఎక్కదు. ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. చాలా విచారణల్లో వచ్చే ఏడాది పుస్తకం ముందటేడు చివర్లోనే తెరుస్తారు. శని సాయంత్రం, ఆదివారం పూజలు ముందు నిండిపోతాయి. పైగా ఆదివారం ఒక పూజ విచారణ ప్రజలందరి కోసం చేయడం విచారణ గురువు బాధ్యత, దాన్ని ఎవరికీ ఇవ్వరు. వారం మధ్యలో పొద్దున పూజ అడిగితే తేలిగ్గా దొరుకుతుంది. తేదీ, వేళ రాసిన చీటీ చేతికి తీసుకున్నాకే బయటికి రా.

కానుక ఎంత అన్నది ఆ ప్రాంత మేత్రాణులు (బిషప్పులు) నిర్ణయిస్తారు. అమెరికాలో చాలాచోట్ల 10 డాలర్లు. చెక్కు అయితే ఎవరి పేరున రాయాలో అడిగి రాయి. చేతిలో డబ్బు లేకపోయినా వెనకాడొద్దు. కానుక ఇవ్వకపోయినా అడిగినవాళ్ల ఉద్దేశంతో, ముఖ్యంగా పేదల కోసం, పూజ చేయమని శ్రీసభ (కథోలిక సంఘం) చట్టం 945 గురువులను కోరుతుంది.

ఎడిసన్ నుంచి:
అక్కా, చీటీ రాసేటప్పుడు జాగ్రత్త. మనం ఇంటిపేరు ముందు రాస్తాం, వాళ్లు దాన్నే పేరనుకుని బులెటిన్‌లో (చర్చి వారపత్రికలో) అచ్చేస్తారు. జ్ఞానస్నానం పేరు ముందు, ఇంటిపేరు చివర రాయండి. జోజప్ప, రాయప్ప, ఇన్నయ్య లాంటి పేర్లు ఇక్కడి గురువులకు నోరు తిరగవు. పక్కనే ఇంగ్లీషు అక్షరాల్లో "Jo-jap-pa" అని విడగొట్టి రాయండి, సరిగ్గానే చదువుతారు. ఇంకొకటి, చనిపోయినవాళ్ల పేరు పక్కన చిన్న శిలువ గుర్తు వేస్తారు. చీటీలో "మృతులు" అన్న గడి టిక్ చేయకపోతే గుర్తు పడదు. బతికున్నవాళ్ల పేరుకు పొరపాటున పడితే ఇంట్లో ఎంత బాధో చెప్పక్కర్లేదు. బులెటిన్ అచ్చుకు వారం పది రోజుల ముందే వెళ్తుంది, తప్పులేమైనా ఉంటే అంతకు ముందే చెప్పండి.

పేరు చదవడం ఒక్కో విచారణలో ఒక్కో తీరు. కొన్నిచోట్ల పూజ మొదట్లో, కొన్నిచోట్ల విశ్వాసుల ప్రార్థనలో చదువుతారు. కొన్నిచోట్ల అచ్చు వేయడమే, చదవరు. చదవకపోయినా పూజ ఆ ఉద్దేశంతోనే జరుగుతుంది.

చికాగో నుంచి:
ఊళ్లో కూడా పెట్టించాలనుకుంటే, చిత్తూరులో ఉన్న తమ్ముడో అక్కో ఎవరో ఒకరు విచారణ ఆఫీసుకు వెళ్లి ఇవ్వడం మంచిది. మీరే పంపాలంటే మీది ఏ దేశం పాస్‌పోర్టు అన్నది ముఖ్యం. భారత పౌరులు తమ సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డున్నా సరే, పంపితే విదేశీ విరాళమే. అది ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) నమోదు ఉన్న ఖాతాకే వెళ్లాలి, మామూలు ఖాతాకు వేస్తే ఊళ్లోని పారిష్‌కు చిక్కు.

ఫాదర్ గారి పేరుతో గిఫ్ట్ కార్డులు అడుగుతూ మెయిల్ వస్తే మోసమే, ఆఫీసుకు ఫోన్ చేసి చెప్పండి.

న్యూజెర్సీ నుంచి:
అన్నా, అక్కా, అందరికీ థ్యాంక్స్. నాయనతో పాటు మా అబ్బ, జేజి (తాత, నాయనమ్మ) పేర్లు కూడా ఒకే పూజలో పెట్టవచ్చా? ఇంకెవరిదైనా ఉద్దేశం కలుపుతారా?

డాలస్ నుంచి:
నీ ఒక్క ఉద్దేశంలో ముగ్గురి పేర్లూ ఉండొచ్చమ్మా. బులెటిన్‌లో చోటు లేదంటే "ఫలానా కుటుంబంలోని మృతులు" అని రాయించు. వేరేవాళ్ల కానుక, ఉద్దేశం మాత్రం నీకు చెప్పకుండా కలపకూడదు. 2025 ఏప్రిల్ 20 నుంచి అమల్లోకి వచ్చిన రోము ఆదేశం ప్రకారం, ఆ ప్రాంత మేత్రాణులు అనుమతించినచోట, ఇచ్చినవాళ్లకు ముందుగా తెలిపి, వాళ్లు ఇష్టపడితేనే ఉమ్మడి పూజ. నీకు వద్దనుకుంటే "విడిగా కావాలి" అని చీటీ మీదే రాసెయ్యి.